నెల్లూరు వీధుల్లో రేడియో సిగ్నల్ ఎంత తగ్గుతుంది: కొలిచే పద్ధతి, ముందే అంచనా వేసే లెక్క

"మిద్దె మీద గేట్‌వే పెట్టాం, డబ్బా మీద 10 కిలోమీటర్లు అని రాసుంది, తీరా చూస్తే నాలుగు వీధులు దాటగానే ప్యాకెట్లు ఆగిపోతున్నాయి, ఎక్కడ తేడా కొడుతోంది?" ఇంజనీరింగ్ ప్రాజెక్టు చేసే పిల్లలు, రొయ్యల గుంటల దగ్గర సెన్సర్లు పెట్టేవాళ్లు, అపార్ట్‌మెంట్ ట్యాంకులకు లెవెల్ మీటర్లు బిగించేవాళ్లు అందరూ తిప్పితిప్పి అడిగేది ఇదే. ఒక్కొక్కరికీ ముక్కలుగా చెప్పేకంటే మొత్తం వరస ఒక్కచోట రాస్తున్నా.

ఉదాహరణకు లోరా తీసుకున్నా, అంటే తక్కువ పవర్‌తో సెన్సర్ల చిన్న చిన్న సమాచారాన్ని (ప్యాకెట్లని) దూరం పంపే రేడియో. వాటిని అందుకునే పెట్టె గేట్‌వే. 865 మెగాహెర్ట్జ్ దగ్గర మన దేశంలో పవర్ పరిమితికి లోబడి లైసెన్స్ లేకుండా వాడుకోవచ్చు, బోర్డులు కూడా చవక. వైఫై లింకుకైనా వాకీటాకీకైనా పని వరస ఇదే, అంకెలే మారతాయి. ఊరు నెల్లూరు అనుకుందాం. ఒంగోలు వాళ్లు వీధుల పేర్లు మార్చుకుంటే చాలు, ట్రంక్ రోడ్డు అయితే అదీ మార్చక్కర్లేదు.

1. ముందు ఏం కొలుస్తున్నారో తేల్చుకోండి

"సిగ్నల్ లేదు" అని మనం అనే మాటలో మూడు వేరు వేరు జబ్బులు ఉంటాయి. దారిలో సిగ్నల్ బలం తగ్గిపోవడం ఒకటి. చుట్టుపక్కల రొద ఎక్కువై, వచ్చిన సిగ్నల్ అందులో మునిగిపోవడం రెండోది. వాడేవాళ్లు ఎక్కువై నెట్‌వర్క్ నిండిపోవడం మూడోది. రొట్టెల పండగప్పుడు స్వర్ణాల చెరువు దగ్గర ఫోన్‌లో గీతలన్నీ ఉండి కూడా ఫోటో పోకపోతే అది మూడో రకం, యాంటెన్నా మార్చినా ఏం కాదు.

మనం కొలవబోయేది మొదటిది, దారి నష్టం. రెండోదాన్ని పక్కనే రాసుకుంటాం. లెక్క ఇది:

దారి నష్టం = పంపిన పవర్ − పంపేవైపు కేబుల్ నష్టం + పంపే యాంటెన్నా గెయిన్ + అందుకునే యాంటెన్నా గెయిన్ − అందుకునేవైపు కేబుల్ నష్టం − అందిన పవర్

డీబీఎం పవర్‌కి కొలమానం, డీబీ హెచ్చుతగ్గులకు, డీబీఐ యాంటెన్నా గెయిన్‌కి (అది సిగ్నల్‌ని ఒక దిక్కుకి ఎంత బలంగా తోస్తుందో). ప్రతి 10 డీబీకీ పవర్ పది రెట్లు మారుతుంది. పంపింది 14 డీబీఎం, కేబుల్లో 1.5 డీబీ పోయింది, రెండు యాంటెన్నాలూ చెరి 2 డీబీఐ, ఇటువైపు చిన్న కేబుల్లో అర డీబీ, చివరికి మీటర్ చూపించింది −108 డీబీఎం అనుకోండి. 14 − 1.5 + 2 + 2 − 0.5 + 108, అంటే 124 డీబీ. ఇందులో ఆరు అంకెలు ఉన్నాయి, వీధిలో కొలిచేది చివరిదొక్కటే. మిగతా ఐదూ ఇంట్లోనే తేల్చుకోవాలి. చాలామంది ఆ ఐదింటిని డబ్బా మీద రాసిందే నమ్మి దిగుతారు, తర్వాత తప్పంతా ఊరి మీదికి నెడతారు.

మొబైల్ టవర్ సిగ్నల్‌తో ఇదే పని చేయొచ్చా అని కూడా అడుగుతుంటారు. ఫోన్‌లో యాప్ చూపించే, టవర్ సిగ్నల్ బలం చెప్పే ఆర్‌ఎస్‌ఆర్‌పీతో ఒక వీధికీ ఇంకో వీధికీ తేడా పోల్చొచ్చు. కానీ ఆ టవర్ ఎంత పవర్‌తో పంపుతోందో, యాంటెన్నా ఎటు వంచి ఉందో మీ చేతిలో లేదు, పైగా నడుస్తుండగానే ఫోన్ ఇంకో టవర్‌కి మారిపోతుంది. అసలు నష్టం తేలాలంటే ట్రాన్స్‌మిటర్ మీదే అయుండాలి.

2. సామాను

- లోరా బోర్డులు రెండు, 865 బ్యాండ్‌వి. వాటితోపాటు ఒక స్పేర్.
- జీపీఎస్ మాడ్యూల్, మెమరీ కార్డులో రాసే లాగర్. ఫోన్‌కి బ్లూటూత్‌తో పంపినా పర్వాలేదు.
- 865కి ట్యూన్ అయిన యాంటెన్నాలు. బోర్డుతో వచ్చే పొట్టి కడ్డీ 433దో 915దో అయుండే అవకాశం బాగా ఉంది.
- ఎటెన్యుయేటర్లు: సిగ్నల్‌ని తెలిసినంత తగ్గించే ముక్కలు, 30 డీబీవి కనీసం మూడు, 10 డీబీది ఒకటి.
- నానోవీఎన్‌ఏ. యాంటెన్నా ఏ ఫ్రీక్వెన్సీకి పనిచేస్తుందో చూపే చిన్న మీటర్ ఇది, కొనకపోయినా కాలేజీ ల్యాబ్‌లో దొరికితే ఒక పూట తెచ్చుకోండి.
- రెండు మీటర్ల పీవీసీ పైపు, కేబుల్ టైలు, పవర్ బ్యాంకులు, నీళ్లు దూరకుండా చుట్టే రబ్బరు టేపు.

కేబుల్ దగ్గర పొదుపు చేయకండి. ఆర్‌జీ‌–58 కేబుల్ ఈ ఫ్రీక్వెన్సీలో మీటరుకు సుమారు అర డీబీ తినేస్తుంది, అంటే మిద్దె మీద నుంచి కిందికి 10 మీటర్లు లాగితే 5 డీబీ హుష్. అదే ఎల్‌ఎంఆర్‌–400 అయితే 10 మీటర్లకు 1.3 డీబీ చుట్టుపక్కల. అన్నిటికంటే మంచిది, బోర్డునే డబ్బాలో పెట్టి యాంటెన్నా కిందే బిగించి, కిందికి కరెంటు వైరు మాత్రం లాగడం.

3. బల్ల మీద కాలిబ్రేషన్

బోర్డు చూపించే ఆర్‌ఎస్‌ఎస్‌ఐ (అందిన సిగ్నల్ బలం) అంకె నిజమైన డీబీఎం అని ఎవరూ హామీ ఇవ్వలేదు. రెండు బోర్డులు పక్కపక్కన పెడితే రెండూ రెండు మాటలు చెబుతాయి.

చేయాల్సింది ఇది. రెండు బోర్డులనూ కేబుల్‌తో కలిపి మధ్యలో 90 డీబీ ఎటెన్యుయేటర్లు పెట్టండి. ఎటెన్యుయేటర్ లేకుండా నేరుగా కలిపితే రిసీవర్ ముందుభాగం కాలిపోవచ్చు, యాంటెన్నా గానీ లోడ్ గానీ లేకుండా ట్రాన్స్‌మిటర్‌కి కరెంటు ఇవ్వడమూ అంతే ప్రమాదం. 14 డీబీఎం పంపితే −76 రావాలి. −80 చూపిస్తే ఆ రిసీవర్‌కి ప్రతి రీడింగ్‌కీ 4 కలపాలి. 10 డీబీ పెంచి మళ్లీ చూడండి, తేడా సరిగ్గా 10 ఉందో లేదో.

ఇక్కడొక చిక్కు. ఎటెన్యుయేషన్ పెంచినా రీడింగ్ కదలడం లేదంటే, సిగ్నల్ కేబుల్లోంచి కాకుండా గాల్లోంచి దూకుతోందని అర్థం. ఒక బోర్డును పవర్ బ్యాంకుతో సహా మూత బిగుతుగా పట్టే స్టీలు డబ్బాలో పెట్టి, రెండోదాన్ని పక్క గదిలోకి తీసుకెళ్లండి. అప్పుడు దారికొస్తుంది.

ఎస్‌ఎక్స్‌1276 చిప్ వాడేవాళ్లకు ఇంకో మాట. ఎస్‌ఎన్‌ఆర్ (రొదతో పోలిస్తే సిగ్నల్ ఎంత ఎక్కువో చెప్పే అంకె) సున్నా కంటే తక్కువున్నప్పుడు ఆర్‌ఎస్‌ఎస్‌ఐ సిగ్నల్‌ని కాదు, రొదని కలుపుకుని చూపిస్తుంది. అలాంటప్పుడు ఎస్‌ఎన్‌ఆర్‌ని కూడా కలిపితేనే అసలు సిగ్నల్ బలం తేలుతుంది: ఆర్‌ఎస్‌ఎస్‌ఐ −115, ఎస్‌ఎన్‌ఆర్ −8 అయితే సిగ్నల్ −123. కొన్ని లైబ్రరీలు ఈ సవరణ చేసే ఇస్తాయి, కొన్ని ఇవ్వవు. మీ లైబ్రరీ కోడ్ తెరిచి చూసుకోండి, లేకపోతే దూరంగా ఉన్న పాయింట్లన్నీ ఒకే అంకె దగ్గర గోడ కట్టినట్టు ఆగిపోతాయి.

యాంటెన్నాని నానోవీఎన్‌ఏతో చూసినప్పుడు 865 దగ్గర ఎస్‌డబ్ల్యూఆర్ (పవర్ ఎంత వెనక్కి తిరిగొస్తోందో చెప్పే అంకె) 2 లోపు ఉండాలి. పైపుకి కట్టాక, చివరికి ఎలా వాడతారో ఆ స్థితిలోనే చూడండి.

4. కాగితం మీద మొదటి అంచనా

దీని పని ఒక్కటే, వీధిలోకి వెళ్లేముందు ఎంత దూరం వరకు తిరగాలో తెలియడం. అడ్డం ఏమీ లేని గాల్లో నష్టం:

32.44 + 20 × లాగ్(కిలోమీటర్లు) + 20 × లాగ్(మెగాహెర్ట్జ్)

లాగ్ అంటే 10 ఆధారపు లాగరిథం. 865కి 100 మీటర్ల దగ్గర 71.2 డీబీ, కిలోమీటరుకు 91.2. ఇది కింది హద్దు. మీ కొలతల్లో ఏదైనా దీనికంటే నాలుగైదు డీబీ తక్కువ నష్టం చూపిస్తే కాలిబ్రేషన్‌లోనో యాంటెన్నా గెయిన్‌లోనో తప్పుంది.

ఊళ్లకు అందరూ వాడేది హాటా ఫార్ములా. టోక్యోలో ఒకుమురా బృందం కొలిచిన గీతల మీద 1980లో హాటా కట్టిన లెక్క ఇది:

69.55 + 26.16 × లాగ్(ఫ్రీక్వెన్సీ) − 13.82 × లాగ్(ట్రాన్స్‌మిటర్ ఎత్తు) − రిసీవర్ ఎత్తు సవరణ + (44.9 − 6.55 × లాగ్(ట్రాన్స్‌మిటర్ ఎత్తు)) × లాగ్(దూరం)

865 మెగాహెర్ట్జ్, 30 మీటర్ల ఎత్తు, చేతిలో 1.5 మీటర్ల ఎత్తున రిసీవర్ అయితే ఎత్తు సవరణ దాదాపు సున్నా. కిలోమీటరుకు 126 డీబీ, రెండు కిలోమీటర్లకు 136.6. అడ్డంలేని గాలి లెక్కతో పోలిస్తే కిలోమీటరు దగ్గరే 35 డీబీ తేడా, అంటే పవర్‌లో మూడు వేల రెట్లు.

కానీ ఈ ఫార్ములా హద్దులు చూడండి: 150 నుంచి 1500 మెగాహెర్ట్జ్, 1 నుంచి 20 కిలోమీటర్లు, ట్రాన్స్‌మిటర్ 30 నుంచి 200 మీటర్ల ఎత్తు. మన జీ ప్లస్ టూ మిద్దె మీద పైపు కట్టినా 12 మీటర్లు దాటదు! చుట్టూ అంతకంటే ఎత్తున్న అపార్ట్‌మెంట్లు ఉంటాయి. ఫార్ములాలో 12 పెడితే అదీ ఒక అంకె ఇస్తుంది, దాన్ని నమ్మి ప్రాజెక్టు రిపోర్టులో గ్రాఫ్ గీసేవాళ్లు బోలెడుమంది. ఆ అంకెకి విలువ లేదు. 1500 నుంచి 2000 మెగాహెర్ట్జ్‌కి కాస్ట్–231 రకం వేరే ఉంది, 2400 వైఫైకి అదీ కుదరదు. కప్పుల కంటే తక్కువ ఎత్తులో, కిలోమీటరు లోపు దూరాలకు ఐటీయూ (అంతర్జాతీయ టెలికాం సంస్థ) సిఫార్సు పీ.1411 చదవండి, అది వీధి వెడల్పును, ఇళ్ల ఎత్తును కూడా అడుగుతుంది.

నేల ఎత్తుపల్లాల మ్యాపుతో నష్టం లెక్కకట్టే సాఫ్ట్‌వేర్లు కూడా ఉన్నాయి. నెల్లూరులో వాటితో పెద్దగా ఉపయోగం లేదు. పెన్న ఒడ్డున నేల బల్లపరుపుగా ఉంటుంది, సాఫ్ట్‌వేర్ అంతా పచ్చరంగు పూసి "ఎక్కడైనా వస్తుంది" అంటుంది. మనకి అడ్డం కొండలు కాదు, ఇళ్లు. కనిగిరి, ఉదయగిరి వైపు కొండల్లో లింకు వేసేవాళ్లకైతే అదే మంచి పనిముట్టు.

5. మిద్దె మీద ట్రాన్స్‌మిటర్

పిట్టగోడకి ఆనించి కట్టొద్దు. పక్కన నీళ్ల ట్యాంకు, రేకుల షెడ్డు, ఫ్లెక్సీ ఇనుప ఫ్రేము ఉంటే ఆ దిక్కున నీడ పడుతుంది, నీళ్లు నిండిన ప్లాస్టిక్ ట్యాంకు కూడా సిగ్నల్‌కి గోడే. ఈ మూడింటికంటే పైకి యాంటెన్నా మొదలు రావాలి. పైపు నిట్టనిలువుగా ఉండాలి, వీధిలో తిప్పే యాంటెన్నా కూడా నిలువే.

ఎత్తు టేపుతో కొలిచి రాసుకోండి, "మూడో అంతస్తు" అని రాస్తే తర్వాత పనికిరాదు. నాలుగు దిక్కులా ఫోటోలు తీయండి.

అపార్ట్‌మెంట్ అయితే ముందే అసోసియేషన్‌కి చెప్పండి. యాంటెన్నా పైపు చూడగానే "ఏంది సామీ, సెల్ టవర్ పెడతా ఉండారా?" అని కింద ఫ్లాటు పెద్దాయన పైకొస్తాడు. బల్బు కంటే ఎంతో తక్కువ పవర్ అని నిదానంగా చెప్పి, రెండ్రోజుల్లో తీసేస్తామని ఒక కాగితం రాసిస్తే గొడవుండదు.

6. రూటు

ఒకే రోడ్డు మీద దూరం పోతూ కొలిస్తే ఆ రోడ్డు గురించే తెలుస్తుంది. ఊరిని రకాలుగా విడదీయండి:

- ఇరుకు సందులు, ఆనుకుని ఉన్న ఇళ్లు: పెద్దబజార్, చిన్నబజార్, మూలపేట
- ఆసుపత్రులు, మధ్యస్థ ఎత్తు భవనాలు: పొగతోట
- వెడల్పు రోడ్లు, అపార్ట్‌మెంట్లు: మాగుంట లేఅవుట్
- పొడవాటి నిటారు రోడ్డు: ట్రంక్ రోడ్డు, మినీ బైపాస్
- బయలు: పెన్న వంతెన, చెరువు కట్ట

బయలు పాయింట్లను వీధి పాయింట్లతో కలిపి ఒకే గీత గీయకండి. వంతెన మీద ట్రాన్స్‌మిటర్ నేరుగా కనిపిస్తుంది, నీళ్ల మీద నుంచి తిరిగొచ్చే అలతో కలిసి సిగ్నల్ ఎగుడుదిగుడుగా ఉంటుంది, దాని వాలు వేరు. ఇలాంటి బయల్లో 12 మీటర్ల ట్రాన్స్‌మిటర్‌కి, 1.5 మీటర్ల రిసీవర్‌కి దాదాపు 200 మీటర్లు దాటాక దూరం రెట్టింపైనప్పుడల్లా నష్టం 6 బదులు 12 డీబీ పెరగడం మొదలవుతుంది. రొయ్యల గుంటల వాళ్లు ఇది గుర్తుంచుకోవాలి, మీకు పవర్ పెంచడం కంటే యాంటెన్నా ఎత్తు పెంచడం ఎక్కువ కలిసొస్తుంది.

ప్రతి రకంలోనూ 100 నుంచి 1000 మీటర్ల దాకా అన్ని దూరాలూ ఉండేలా చూడండి. 50 మీటర్ల లోపు పాయింట్లు తీసుకోకండి. ఇరుకు సందుల్లో జీపీఎస్ 10–15 మీటర్లు తప్పు చెప్పడం మామూలే, 30 మీటర్ల దగ్గర అంత తప్పొస్తే లెక్క మొత్తం వంకర పోతుంది, 500 దగ్గర పట్టించుకోనక్కర్లేదు.

7. వీధిలో కొలత

సిగ్నల్ ఒక అడుగు పక్కకి జరిగితేనే 10 డీబీ మారిపోతుంది, గోడల నుంచి తిరిగొచ్చిన అలలు ఒకచోట కలిసి, ఇంకోచోట కొట్టుకుపోతాయి. అందుకని ఒక్క రీడింగ్‌ని ఎప్పుడూ నమ్మొద్దు. సెల్యులార్ కొలతల్లో పాత నియమం ఒకటుంది: 40 తరంగదైర్ఘ్యాల దూరంలో కనీసం 36 నుంచి 50 రీడింగులు తీసి సగటు చూడాలి. 865కి తరంగదైర్ఘ్యం 35 సెంటీమీటర్లు, 40 అంటే సుమారు 14 మీటర్లు, ఈ ముక్కని ఒక గడి అందాం.

ఇప్పుడు లెక్క వేయండి. లోరాలో ఎస్‌ఎఫ్ అంటే వేగం మెట్టు, అంకె పెరిగేకొద్దీ ప్యాకెట్ నిదానం, దూరం ఎక్కువ. ఎస్‌ఎఫ్7లో 20 బైట్ల ప్యాకెట్ గాల్లో దాదాపు 60 మిల్లీసెకన్లు ఉంటుంది, సెకనుకు మూడు పంపొచ్చు. బైకు 15 కిలోమీటర్ల వేగంతో పోతే 14 మీటర్లు మూడు సెకన్లలో అయిపోతాయి, పది రీడింగులే వస్తాయి. మామూలుగా నడిస్తే దాదాపు 12 సెకన్లు, 35 రీడింగులు. కాబట్టి సందుల్లో నడవండి. బైకు ట్రంక్ రోడ్డుకి ఉంచుకోండి, అక్కడ గడిని 50 మీటర్లకు పెంచుకుంటే సరిపోతుంది. కార్లో అద్దాలెత్తి కూర్చుని కొలిస్తే మీరు కొలిచేది కారునే.

యాంటెన్నా పీవీసీ పైపు కొసన, తల కంటే పైన ఉండాలి, ఒంటి పక్కన పెట్టుకుంటే మీ శరీరమే చాలా డీబీలు మింగేస్తుంది. ప్రతి వీధినీ రెండు దిక్కులా నడవండి. తలపైన పెట్టిన ఎత్తు 2 మీటర్లైతే లెక్కలో 2 అనే రాయండి, 1.5 అని కాదు.

ఎప్పుడు? ఒకే రూటుని పొద్దున్నే ఒకసారి, షాపులన్నీ తెరిచి ట్రాఫిక్ ఉన్న సాయంత్రం ఒకసారి. నష్టంలో తేడా తక్కువే ఉండొచ్చు, రొదలో మాత్రం కనిపిస్తుంది. వాన గురించి భయం వద్దు, ఈ ఫ్రీక్వెన్సీలో వాన చినుకు చేసే నష్టం లెక్కలోకి రాదు. తడిసిన ఆకులు వేరే సంగతి. ఊరి అంచున సర్కారు తుమ్మ కంపల్లోంచి పోయే లింకుని వేసవిలో కొలిచి వదిలేస్తే, కార్తీకం వానల్లో మళ్లీ ఫోన్లు వస్తాయి.

బయల్దేరే ముందు:

- జీపీఎస్ లాక్ అయిందా, గడియారాలు రెండూ కలిశాయా
- ప్యాకెట్లలో వరస నంబర్ ఉందా
- లాగ్‌లో టైం, అక్షాంశ రేఖాంశాలు, ఆర్‌ఎస్‌ఎస్‌ఐ, ఎస్‌ఎన్‌ఆర్, ఎస్‌ఎఫ్ అన్నీ పడుతున్నాయా
- ట్రాన్స్‌మిటర్ నుంచి 100 మీటర్ల దూరంలో ఒక స్థిరమైన గుర్తు దగ్గర నిలబడి రీడింగ్ తీశారా (తిరిగొచ్చాక అక్కడే మళ్లీ తీయాలి, 2 డీబీ కంటే ఎక్కువ తేడా వస్తే మధ్యలో ఏదో కనెక్టర్ వదులైంది)

8. రాని ప్యాకెట్లు కూడా డేటానే

అన్నిటికంటే ఎక్కువమంది పడే గుంట ఇది, పైగా పడ్డట్టు కూడా తెలియదు.

రిసీవర్ −123 డీబీఎం కంటే బలహీనమైంది పట్టలేదు అనుకోండి. 900 మీటర్ల దగ్గర ఒక సందులో అసలు సగటు −125. ఆ చుట్టూ పైకీ కిందికీ ఊగే సిగ్నల్లో పైకి లేచిన ప్యాకెట్లు మాత్రమే లాగ్‌లో పడతాయి. వాటి సగటు −119 అని వస్తుంది. మీరు చూసేది "900 మీటర్ల దగ్గర −119, బ్రహ్మాండం". ఇలా దూరం పోయేకొద్దీ బతికినవే లెక్కలోకి వచ్చి గీత వాలు తగ్గిపోతుంది, ఆ గీతని ముందుకు పొడిగిస్తే సిగ్నల్ మూడు కిలోమీటర్లు పోతుందని చెబుతుంది. కంప్యూటర్లో గ్రాఫ్ అందంగానే ఉంటుంది.

మందు మూడు భాగాలు.

మొదటిది, వరస నంబర్లతో ప్రతి గడిలో పంపినవెన్ని, అందినవెన్ని లెక్కపెట్టండి. రెండోది, సగటు బదులు మీడియన్ వాడండి. రాని ప్యాకెట్లన్నిటినీ వచ్చినవాటికంటే బలహీనమైనవిగా జమకట్టి, అన్నిటినీ వరసలో పెట్టి మధ్యది తీసుకోవాలి. 40 పంపితే 30 అందాయనుకోండి, రాని పదీ అడుగున ఉన్నట్టే లెక్క, బలమైన వైపు నుంచి ఇరవయ్యోది మీ మీడియన్. సగం కంటే ఎక్కువ అందినంతవరకు ఇది మోసం చేయదు. మూడోది, సగం కూడా అందని గడులు ఎక్కడ ఎక్కువవుతున్నాయో చూసి, ఆ దూరం దగ్గర గీత గీసి అవతలి పాయింట్లన్నీ తీసేయండి, బాగా వచ్చినవాటితో సహా. బలహీనమైనవి తీసేసి బలమైనవి ఉంచుకుంటే మళ్లీ అదే గుంట. కత్తిరించేది దూరాన్ని బట్టి, సిగ్నల్‌ని బట్టి కాదు.

అంతకంటే దూరం కావాలంటే ఎస్‌ఎఫ్10కి మారి ఆ భాగం మళ్లీ తిరగండి. ప్యాకెట్ నిదానం అవుతుంది కాబట్టి నడక ఇంకా నెమ్మదించాలి.

9. గీత గీయడం

ప్రతి గడికీ మీడియన్ నుంచి దారి నష్టం కట్టారు. ఒక కాలమ్‌లో 10 × లాగ్(దూరం ÷ 100), పక్కన నష్టం. షీట్‌లో స్లోప్ ఫంక్షన్ ఇచ్చేది వాలు సంఖ్య, ఇంటర్‌సెప్ట్ ఇచ్చేది 100 మీటర్ల దగ్గరి నష్టం, ఎస్‌టీఈవైఎక్స్ ఇచ్చేది పాయింట్లు గీత చుట్టూ ఎంత చెదిరాయో, దాన్నే సిగ్మా అంటారు.

చేత్తో సరిచూసుకోవడానికి చిన్న ఉదాహరణ, అంకెలు లెక్క కోసం వేసుకున్నవే:

- 100 మీటర్లు: 88 డీబీ
- 200 మీటర్లు: 99
- 400 మీటర్లు: 107
- 800 మీటర్లు: 120

వాలు 3.45, మొదలు 87.9. ఇదే గీత 1200 మీటర్లకు 125 అంటుంది. అడ్డంలేని గాలికి వాలు 2, ఊళ్లలో మామూలుగా 2.7 నుంచి 3.5, భవనాల నీడ బాగా ఉన్నచోట 5 దాకా పోతుంది. మీకు ఇరుకు సందుల్లో 2.2 వచ్చిందంటే సంతోషపడకండి, 8వ భాగం మళ్లీ చదవండి.

మీ అసలు డేటాలో పాయింట్లు ఇంత బుద్ధిగా గీత మీద కూర్చోవు. సిగ్మా 6 నుంచి 10 డీబీ రావడం సహజం. 3 వస్తే ఒకే వీధిలో తిరిగారని, 14 వస్తే బయలునూ సందులనూ కలిపేశారని అనుమానించండి.

తర్వాత పరీక్ష. పొగతోట, మాగుంట లేఅవుట్ డేటాతో గీత గీసి, దానికి చూపించకుండా పక్కన పెట్టిన స్టోన్‌హౌస్‌పేట కొలతల మీద పెట్టి చూడండి. సగటు తేడా 3–4 డీబీ లోపు ఉంటే ఆ గీత పనికొస్తుంది. ఒకే దిక్కుకి 8 డీబీ తప్పుతోందంటే ఆ పేటకి వేరే గీత కావాలి. ఇలా చూపించని రిపోర్టుని నేనైతే నమ్మను.

10. ఇప్పుడు అంచనా

సిస్టమ్ మొయ్యగలిగే గరిష్ఠ నష్టం ముందు. పైన చెప్పిన పవర్, కేబుళ్లు, యాంటెన్నాలు కలిపితే 16 డీబీఎం. ఎస్‌ఎఫ్10, 125 కిలోహెర్ట్జ్ దగ్గర రిసీవర్ సుమారు −132 దాకా పడుతుంది. 16 + 132 = 148 డీబీ. పై గీత ప్రకారం ఇది 5.5 కిలోమీటర్లు. డబ్బా మీద రాసే అంకెలు ఇలాగే పుడతాయి.

ఇందులోంచి తీసేయాల్సినవి తీసేద్దాం. గేట్‌వే పెట్టే చోట రొద మట్టం కొలిస్తే ఉండాల్సినదానికంటే 8 డీబీ ఎక్కువుంది అనుకోండి, మిగిలింది 140. సిగ్మా 8 అయితే, ఆ అంచున పది చోట్లలో తొమ్మిదింటిలో పనిచేయాలంటే 1.28 × 8, అంటే 10 డీబీ మార్జిన్ పోవాలి. మిగిలింది 130. గీత ఇప్పుడు 1.6 కిలోమీటర్లు అంటుంది.

5.5 ఎక్కడ, 1.6 ఎక్కడ! వీధిలో పనిచేసేది రెండోదే. పదింట తొమ్మిది చాలదు, ఇరవైలో పంతొమ్మిది కావాలంటే 1.28 బదులు 1.645 పెట్టండి.

గేట్‌వే అందుకునే యాంటెన్నాకి ఎత్తు పెంచితే ఎంత మారుతుందని అడిగితే ఫార్ములా చూడకండి, పైపు మరో మూడు మీటర్లు పెంచి ఒక్క వీధిని మళ్లీ నడవండి. చుట్టూ ఉన్న పిట్టగోడల మట్టం దాటిన క్షణంలో వచ్చే మార్పు ఏ ఫార్ములాలోనూ సరిగ్గా దొరకదు.

11. గోడల లోపల

మీటర్ ఇంటి లోపలో, మోటార్ గదిలోనో ఉంటే ఇంకో నష్టం కలపాలి. దీనికి పుస్తకం అంకె వెతక్కండి. గుమ్మం బయట 14 మీటర్లు, లోపల గదుల్లో అటూ ఇటూ తిరుగుతూ అన్నే రీడింగులు, రెండు మీడియన్ల తేడా. పాత పెంకుటింటికీ, కాంక్రీటు స్లాబు ఇంటికీ, ముందువైపంతా రోలింగ్ షట్టరున్న షాపుకీ పోలికే ఉండదు. ఇనుప తలుపున్న మోటార్ గదిలో తలుపు మూసి కొలవండి, వాడేటప్పుడు అది మూసే ఉంటుంది కదా. భూమిలోపలి సంపుల్లో పెట్టేవాటికి సెన్సర్ లోపలున్నా యాంటెన్నా పైకి లాగాల్సిందే, వేరే దారి లేదు.

12. తేడాగా వస్తే

- అన్ని రీడింగులూ సమానంగా 5–6 డీబీ తక్కువ: యాంటెన్నా ఒకటి అడ్డంగా ఉందేమో, లేదా వేరే బ్యాండ్‌ది. కనెక్టర్లు కూడా విప్పి చూడండి, ఎస్‌ఎంఏకీ ఆర్‌పీ–ఎస్‌ఎంఏకీ బిగుసుకుంటుంది గానీ మధ్య పిన్ను తగలదు.
- ఆర్‌ఎస్‌ఎస్‌ఐ బాగుంది, ప్యాకెట్లు పోతున్నాయి: ఇది నష్టం కాదు, రొద. ట్రాన్స్‌మిటర్ ఆపేసి రిసీవర్ మట్టం చూడండి. దగ్గర్లోని ఎల్‌ఈడీ డ్రైవర్లు, సీసీటీవీ అడాప్టర్లు, మొబైల్ టవర్ అనుమానితులు. 865కి ఆనుకుని పైనే సెల్ టవర్లు పంపే 869–894 బ్యాండ్ ఉంది, టవర్ పక్క మిద్దె అయితే ఫిల్టర్ పెట్టక తప్పదు.
- ఒకే దిక్కున నీడ: ట్యాంకు, లేదా కొత్తగా లేచిన అపార్ట్‌మెంట్. యాంటెన్నా రెండు మీటర్లు పక్కకి జరిపి ఆ దిక్కునే మళ్లీ కొలవండి.
- రైల్వే అండర్‌బ్రిడ్జిలో సున్నా: అది అంతే. గీతలోంచి తీసేసి, మ్యాపులో విడిగా గుర్తు పెట్టండి.
- మొదట బాగుండి నెలల్లో తగ్గిపోయింది: కనెక్టర్లో నీళ్లు. మైపాడు, కొత్తపట్నం వైపు ఉప్పుగాలికి తుప్పు ఇంకా తొందరగా పడుతుంది. టేపు విప్పండి, పచ్చగా పట్టి ఉంటే తుడవకండి, కనెక్టర్ కోసేసి కొత్తది వేయండి.
- వేసవి రాత్రుల్లో ఎక్కడిదో దూరపు సిగ్నల్: సముద్రం దగ్గర గాలి పొరల్లో అలలు వంగి చాలా దూరం పోతాయి. దాన్ని చూసి రేంజ్ పెరిగిందని రాసుకోకండి, ఆ రోజు డేటా పక్కన పెట్టి ఇంకో రోజు తిరగండి.
- చీమకుర్తి వైపు క్వారీ గుంటల్లో రావడం లేదు: గుంట అంచే అడ్డం. లోపల ఎంత పవర్ పెంచినా లాభం తక్కువ, అంచు మీద రెండు వైపులా కనిపించేలా ఒక రిలే నోడ్ పెట్టి, అంచు నుంచి లోపలికీ, అంచు నుంచి ఊరికీ విడివిడిగా కొలిచి లెక్కకట్టండి.